కుంటలో గీత, బాల్టీలో గీత

నవంబరు పది, సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. పాత పెయింటు బాల్టీ లోపల, చెరగని ఇంకుతో గీసిన గీత పక్కన, నిరుడు రాసిన ఈ తేదీ నా చేతిరాతతోనే ఉంది. ఇవాళ బాల్కనీ తుడుస్తూ మా ఇంట్లో పనిచేసే దీదీ దాన్ని పైకెత్తి, "ఆంటీజీ, యే ఫేంక్ దూఁ?" అంది. పారేయొద్దన్నాను. ఇంకేం పెట్టుకుంటారు ఇందులో అన్నట్టు చూసింది.

వసంత్ కుంజ్‌లో మా కాలనీ వెనక గోడ దాటితే, కీకర్ తుప్పల మధ్య వానాకాలంలో మాత్రమే పారే చిన్న వాగు ఒకటి ఉంది. దానికి అడ్డంగా మట్టికట్ట వేయించింది మా మరిది. కేంద్ర ప్రభుత్వంలో ముప్ఫై నాలుగేళ్ళు ఆనకట్టల డిజైన్లు చూసిన ఇంజనీరు, అన్నీ కాగితం మీదే. రిటైరయ్యాక తన చేతుల మీదుగా లేచినది ఈ ఒక్క కట్టే. కాలనీలో అందరూ నూట యాభై అడుగుల కట్ట అంటారు. నేను టేపు పెట్టి కొలిచాను, నూట ముప్ఫై ఎనిమిది. ఎత్తు నా భుజం దాకా వస్తుంది. ఒక చివర మిగులు నీరు పోవడానికి రాళ్ళు పరిచిన అలుగు ఉంది. అలా నీళ్ళు నిలిచి ఏర్పడిన కుంటలో రోహూ, కట్ల చేపపిల్లల్ని మేము వదిలాం. నీటికోళ్ళు, లకుముకి పిట్ట, పొద్దున్నే నీళ్ళకొచ్చే నీల్‌గాయ్‌లు పిలవకుండానే వచ్చాయి. శనివారాలు గ్రహాల కోసమని చేపలకు గోధుమపిండి ఉండలు విసిరే వాళ్ళు కూడా పిలవకుండానే వచ్చారు. నీళ్ళు కుళ్ళిపోతాయని వాళ్ళతో నేను పడిన తగువులు ఇప్పటికి ఇరవై రెండు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని కనుక కుంటలో ఇనప పైపు పాతించి, గుర్తులు పెట్టి, రోజూ నీటిమట్టం రాసుకునేదాన్ని. పోయిన శీతాకాలం మొదట్లో మట్టం మరీ తొందరగా పడిపోతున్నట్టు కనిపించింది. మరిదికి చెబితే, "ఎండకి ఆరదా వదినా?" అన్నాడు. సూర్యుడు పొగలోంచి పది గంటలకి గానీ కనబడని నవంబరులో! అందుకే ఆ సోమవారం బాల్టీలో నీళ్ళు నింపి, కదలకుండా లోపల ఇటుక వేసి, పైన జాలీ కట్టి, కుంట అంచున నీళ్ళలోనే నిలబెట్టాను. ఎండకి ఆరేదైతే రెండూ ఒకేలా తగ్గాలి. పది రోజుల తర్వాత చూస్తే బాల్టీలో తగ్గింది మూడు సెంటీమీటర్లు, కుంటలో తొమ్మిది.

"బాల్టీలో నీళ్ళు ఏ కుక్కో తాగుంటుంది," అన్నాడు మరిది.

"జాలీలోంచి తాగిందే అనుకో. అప్పుడు బాల్టీయే ఎక్కువ తగ్గాలి కదయ్యా? ఇంజనీరువి నువ్వు."

పక్కనే గడ్డి కోస్తున్న మాలీ భయ్యా, "సాహబ్‌కు తెలుసు ఆంటీజీ. రోజూ పొద్దున్నే వచ్చి కట్ట వెనకాల మిట్టీ కూరుతున్నారు," అన్నాడు. వెళ్ళి చూశాం. కట్ట వెనక అడుగున దుప్పటంత మేర నేల తడిగా ఉంది. చుట్టూ గడ్డి ఎండిపోయింటే అక్కడ మాత్రం పచ్చగా ఉంది. సరిగ్గా దాని పైన, కట్ట మీద, నేరేడు చెట్టు.

ఆ చెట్టు సంగతి చెప్పాలి. కట్ట వేసిన ఏడాది కాలనీ ఆడవాళ్ళు మొక్కలు పట్టుకొస్తే ఇదే మరిది, "కట్ట మీద గరిక తప్ప ఏదీ మొలవకూడదు, వేళ్ళ వెంట నీళ్ళు దారి చేసుకుంటాయి," అని అందరినీ వెనక్కి పంపాడు. ఆ తర్వాతి ఏడాది జూన్‌లో మా తోటికోడలు, అంటే ఆయన భార్య, పోయింది. ఆవిడకి నేరేడుపళ్ళంటే ప్రాణం. నాలుక ఊదాగా చేసుకుని నాకు చూపించేది, అరవై దాటాక కూడా. ఆగస్టులో ఒక ఉదయం ఆయన కట్ట నడిమధ్య నేరేడు మొక్క నాటాడు. కాలనీ అంతా చూసింది, ఎవరూ నోరెత్తలేదు. నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడింది నేనే.

తడినేల దగ్గర ఆయన గొంతుక్కూర్చున్నాడు. "ఒక పక్క వేళ్ళు కుళ్ళినట్టున్నాయి. వచ్చే వానలకి కట్ట ఆగదు వదినా."

"చెట్టు తీసెయ్యమని నేను నీకు చెప్పను. నువ్వే చెప్పు."

"మా ఆవిడ పేరు చెప్పుకుని చెట్టుని ఉంచి, ఇన్ని చేపల్ని ఎండబెడితే, వచ్చి నన్ను తంతుంది." లేచి చేతులు దులుపుకున్నాడు.

ఢిల్లీలో చెట్టు తీయాలంటే అనుమతి కావాలి. దరఖాస్తు ఆయనే రాశాడు. కారణం అన్నచోట, "దరఖాస్తుదారు తన ఆదేశాన్ని తానే ఉల్లంఘించి నాటినది" అని ఉంది. చదివి నేను నవ్వితే, "ఫైల్లో నిజమే ఉండాలి," అన్నాడు. జనవరి ఇరవై నాలుగున, శనివారం, చెట్టు దిగింది. అంతకుముందే నీళ్ళు సగానికి దించాం. చేపలు లోతున్న చోటికి చేరాయి, కొంగలు వాటి చుట్టూ చేరాయి. కట్టని అడ్డంగా తవ్వి, వేళ్ళు ఒక్కొక్కటే ఏరి, బంకమట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిసతో కొట్టారు. పదకొండు రోజులు పట్టింది. నేరేడు కర్ర నీళ్ళలో త్వరగా పాడవదని, పూర్వం బావుల అడుగున వేసేవారని మాలీ భయ్యా చెబితే, మరిది ఆ మొద్దునే చెక్కించి, తుప్పు పట్టిన నా ఇనప పైపు తీయించి దాని స్థానంలో పాతించాడు. గుర్తులు నేనే పెట్టాను. మార్చిలో బాల్టీ మళ్ళీ పెట్టి చూశాం. పది రోజులకి కుంట, బాల్టీ సమానం.

ఇవాళ అలుగుకి నాలుగు సెంటీమీటర్లు తక్కువగా నీళ్ళున్నాయి. కర్ర మీద లకుముకి పిట్ట కూర్చుని నా గుర్తులు పాడుచేస్తోంది. మరిది దాన్ని తోలనివ్వడు.

పోయినవి రాసి ఉంచుతున్నాను. నేరేడు చెట్టు ఒకటి, వయసు ఏడేళ్ళ అయిదు నెలలు, ఒక్క కాయ కాయలేదు. చేపలు ముప్ఫై ఒకటి, కొంగలు తిన్నవి కాక. నీటికోడి గూడు ఒకటి, ఖాళీది. ఇనప పైపు ఒకటి. తోటికోడలిని ఇందులో కలపలేదు. ఆ నష్టం పాత సంవత్సరానిది, దాన్ని ఏటేటా మళ్ళీ రాయకూడదు.