మేడం ఆపిన దయ్యం

మహబూబాబాద్ కాలేజీలో మాకు సాహిత్య విమర్శ చెప్పిన మేడం దయ్యాల సినిమా చూపిస్తే, ఆమె వేలు ఎప్పుడూ ల్యాప్‌టాప్ మీదే ఉండేది. సరిగ్గా దయ్యం కనబడగానే ఆపేసేవారు.

ఒకరోజు బానిసల కథతో తీసిన దయ్యాల సినిమా పెట్టారు. అందులో యజమాని కొట్టి చంపిన వంటమనిషి దయ్యమై బంగళాకు తిరిగొస్తుంది. మేము కెవ్వుమన్నాం. మేడం టక్కున ఆపారు.

"ఎందుకు భయపడ్డరు? ఆమె మిమ్మల్నేమన్న అన్నదా?"

"లేదు మేడం."

"కెమెరా ఎవరి గదిల ఉన్నది?"

"దొర గదిల," అంది కొడకండ్ల నుంచి వచ్చే నా స్నేహితురాలు.

"గందుకే ఆయన భయం మీకంటింది. ఇప్పుడు వంటింట్ల నిలబడి చూడుండ్రి."

అలా చూసేసరికి మాకు పూనకం వచ్చినట్టయింది. దయ్యం మెట్లెక్కుతుంటే బెంచీలు చరిచాం, ఈలలు వేశాం. ఆ గోలకు ప్రిన్సిపాల్ సార్ వచ్చారు. సినిమా బంద్ చేయిస్తారని ఈలలు ఆపేశాం. సార్ తలుపు దగ్గరే నిలబడి తెరవైపు చూశారు. దయ్యం దొర పడకగది తలుపు మీద చెయ్యి వేసింది. మేడం అలవాటుగా ఆపేశారు.

"ఆపితిరేంది మేడం?" అన్నారు సార్ చిరాగ్గా. "జర ఆమెను లోపటికి పోనియ్యుండ్రి."