గ్లెన్నా పట్టుకెళ్ళిన క్షమాపణ

మా వెస్ట్ హార్లీలో ఉన్నది ఆరొందల పన్నెండు మంది. మిగిలిన ఆరొందల పదకొండు మంది కలిసి ఎంత మాట్లాడతారో గ్లెన్నా టాట్రో ఒక్కతే అంత మాట్లాడుతుంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపింది కాబట్టి వెనక ఎవరైనా వింటున్నారా లేదా అని చూడకుండా గొంతెత్తి మాట్లాడటం అలవాటు. నేను ఈ ఊరి గుమాస్తాని. సభలో ఆవిడన్న ప్రతి ముక్కా రాసుకోవలసిన ఖర్మ నాది.

ఏటా మార్చి మొదటి మంగళవారం సభ కోసం ఊరంతా బడి ఆటల హాల్లో కూర్చుంటుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పెంత చల్లాలి, మంటలార్పే బండికి కొత్త టైర్లు కొనాలా వద్దా అన్నవన్నీ చేతులెత్తి తేల్చుకుంటాం. చివర్న ‘ఇతర విషయాలు’ అని ఒకటుంటుంది. అది గ్లెన్నా సొంతం. అటుకుల డబ్బాలు సన్నబడుతున్నా ధర ఎందుకు సన్నబడదని ఒక ఏడు నిలదీసింది. ఇంకో ఏడు, ఎక్కడో ఎడారి దేశంలో ఉన్న మన సైన్యాన్ని వెంటనే ఇంటికి పిలిపించాలంది. గుడ్ల ధర మీద ఒకసారి, అణుబాంబుల మీద ఒకసారి. అన్నిటికీ అదే గొంతు, అదే కోపం.

ఏ ప్రతిపాదనకైనా ఇంకొకరు లేచి ‘బలపరుస్తున్నాను’ అనాలి. అంటేనే చర్చ, లేకపోతే అక్కడితో సరి. పందొమ్మిదేళ్ళుగా గ్లెన్నాని బలపరిచినవాడు లేడు. ఆవిడంటే గిట్టక కాదు. ఆ వేళకి పక్క గదిలోంచి ఉడికిన చిక్కుళ్ళ వాసన, పంది మాంసం వాసన వస్తుంటాయి. ఆకలి ముందు అణుబాంబులు ఎవరికి కావాలి?

కానీ కిందటి ఏడాది నుంచి గ్లెన్నాకి వేరే గొడవ పట్టుకుంది. వాళ్ళక్క ఓపల్ నలభై ఏళ్ళ కిందట సరిహద్దు అవతల, కెనడాలో ఒక పాడి రైతుని చేసుకుంది. ఇక్కడికి పాతిక మైళ్ళు. ప్రతి గురువారం వచ్చి చెల్లెలి దగ్గర కాఫీ తాగి, మా ఊరి కొట్లో చవగ్గా చీజు కొనుక్కుని పోయేది. పాడి రైతు పెళ్ళామయ్యుండి చీజు కొనడానికి దేశం దాటేదని మొగుడికి ఈ రోజుకీ తెలియదు.

కిందటేడు మా దేశం కెనడా సరుకుల మీద సుంకాలు వేసింది. పైగా ‘మీరూ మాలో ఒక రాష్ట్రంగా చేరిపొండి’ అన్న మాటలు వార్తల్లో మోగాయి. ఆ వారమే గ్లెన్నా ఫోన్లో నవ్వుతూ, “చేరిపోతే పోలా అక్కా? చీజు కోసం నీకీ దొంగ ప్రయాణాలుండవు” అంది. అవతల నవ్వు వినిపించలేదు. “మీ దేశం క్షమాపణ చెప్పేదాకా నీ గుమ్మం తొక్కను” అని ఓపల్ ఫోను పెట్టేసింది. ఇక్కడ పుట్టిన మనిషి ‘మీ దేశం’ అనేసింది. పదకొండు నెలలు, ఒక్క గురువారం కూడా రాలేదు.

ఇంకొకరైతే ఫోను చేసి బతిమాలుకునేవారు. గ్లెన్నా అలా కాదు. దేశం చెప్పాలంది కదా, దేశం చేత చెప్పించాలి. రాజధానికి పద్నాలుగు ఉత్తరాలు రాసింది. మీ అభిప్రాయం మాకు అమూల్యం అంటూ పద్నాలుగు జవాబులు ఒకే అచ్చులో వచ్చాయి. దాంతో దేశాన్ని వదిలేసి ఊరి మీద పడింది.

మొన్న మార్చి సభలో లేచి నిలబడి, “కెనడా వాళ్ళకి వెస్ట్ హార్లీ ఊరు క్షమాపణ చెప్పాలని ప్రతిపాదిస్తున్నాను” అంది.

అధ్యక్షస్థానంలో మెర్టన్ లాడ్ ఉన్నాడు. సుత్తి పట్టుకుని అటూ ఇటూ చూశాడు. “బలపరిచేవారెవరైనా ఉన్నారా?”

ఎవరూ లేవలేదు. వెనక వరసలో ఎవరిదో కడుపు గుర్రుమంది.

మెర్టన్ సుత్తి ఎత్తాడు. దించలేదు. “గుమాస్తా గారూ, ఇది కాస్త పట్టుకోండి” అని సుత్తి నా చేతిలో పెట్టి వేదిక దిగాడు. ఆ కుర్చీలో ఉన్నవాడు దేన్నీ బలపరచకూడదు, దిగితే మామూలు మనిషే. “పందొమ్మిదేళ్ళు ఈవిడ ప్రతిపాదన వీగిపోయిందని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. నేను బలపరుస్తున్నాను” అన్నాడు.

హాలంతా వెనక్కి తిరిగి గ్లెన్నాని చూసింది. నాకు సుత్తి పట్టుకోవడం కొత్త, అయినా పద్ధతి ప్రకారం, “గ్లెన్నా గారూ, మాట్లాడండి” అన్నాను.

పందొమ్మిదేళ్ళలో గ్లెన్నా మాట ఇక్కడిదాకా రావడం ఇదే మొదలు. ప్రసంగం తయారుచేసుకోవాలని ఎన్నడూ తోచలేదు పాపం.

“మా అక్క రావట్లేదు” అంది. అని కూర్చుంది.

ఆ తర్వాత మా ఊరు మా ఊరిలాగే ప్రవర్తించింది. సుంకాలు మంచివేననీ, క్షమాపణ ఎందుకనీ ఒక వరస లేచింది. రోడ్ల మేస్త్రి ర్యాండల్ పేజ్, “బురద గీకే బండికి బ్లేడు అటు నుంచే రావాలి. సుంకం కట్టలేక మొండి బ్లేడుతో చస్తున్నా. చెప్పేద్దాం. కానీ మంచు హాకీలో వాళ్ళని ఓడించినందుకు మాత్రం చెప్పేది లేదు” అని సవరణ పెట్టాడు. ముసలి ఈనిడ్ గారు లేచి, “వాళ్ళ బాతులు ఏటా వచ్చి నా పెరడంతా పాడుచేస్తున్నాయి. ముందు వాళ్ళనే చెప్పమనండి” అంది. బాతులు వీగిపోయాయి, హాకీ నెగ్గింది. మేపుల్ చెట్ల పానకం మాత్రం మనదే మేలని ఒక వాక్యం ఎవరో చేర్చారు. దానికి లేవని చెయ్యి లేదు. చివరికి యాభై ఎనిమిది మంది అవునన్నారు, ముప్ఫై ఒకరు కాదన్నారు. చిక్కుళ్ళు చల్లారిపోయాయి. తీర్మానం కాగితం మీద రాసి, ఊరి ముద్ర వేసి గ్లెన్నా చేతికిచ్చాను.

మర్నాడు పొద్దున్నే గ్లెన్నా నా తలుపు కొట్టింది. “ఐరిస్, అక్క దగ్గరికి నువ్వూ రావాలి. ముద్ర వేసింది నువ్వని చెప్పడానికి ఒక మనిషుండాలి కదా!”

“ముద్రకి సాక్ష్యం ఎందుకే? అదే సాక్ష్యం!”

“నాకు భయంగా ఉంది. ఇక రా” అంది. ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. కోటు తగిలించుకుని బయల్దేరాను.

సరిహద్దు దగ్గర కుర్ర అధికారి కిటికీలోంచి వంగాడు. “ఏం తీసుకెళ్తున్నారు మేడమ్?”

“ఒక యాపిల్ తీపి రొట్టె. ఒక క్షమాపణ.”

“క్షమాపణ విలువెంత?”

“అది మా అక్క చెప్పాలి నాయనా” అంది గ్లెన్నా. అతను కాగితం చేతిలోకి తీసుకుని మొత్తం చదివాడు. హాకీ దగ్గర మొహం చిట్లించాడు గానీ వెళ్ళనిచ్చాడు.

ఓపల్ తలుపు సగమే తెరిచింది. మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం రెండు వైపులా చదివింది. ముద్రని వేలితో తడిమింది.

“యాభై ఎనిమిది మందా?”

“అవునక్కా. చేతులెత్తారు. కావాలంటే ఐరిస్‌ని అడుగు, లెక్కపెట్టింది.”

“ఊరంతా చెప్పింది, సంతోషం” అని ఓపల్ కళ్ళజోడు తీసింది. “చీజు మాటన్నది ఊరా? దేశమా? నా పుట్టింట్లో నాకు మిగిలింది నువ్వొక్కదానివి. నువ్వు నవ్వావే ఫోన్లో! నా ఇల్లు, నా మొగుడు, నా నలభై ఏళ్ళూ నీకు నవ్వులాటయ్యాయి. పదకొండు నెలలు కూర్చుని చూశాను, నువ్వెప్పుడు ఫోను చేస్తావా అని.”

గ్లెన్నా నా వైపు చూసింది. నేను మెట్ల మీది మంచు చూస్తూ నిలబడ్డాను. ఉత్తరాలు రాసే మనిషి, దేశాలని నిలదీసే మనిషి, నాలుగు మాటల కోసం గొంతు వెతుక్కుంటుంటే నాకే ఏడుపొచ్చింది.

“తప్పయిపోయిందక్కా” అంది ఎట్టకేలకి, బస్సు గొంతు కాదది, వినిపించీ వినిపించకుండా. “ప్రతి గురువారం రెండు కప్పులు పెట్టుకుని కూర్చుంటున్నాను.”

ఓపల్ కాగితం చంకలో పెట్టుకుని, తలుపు బార్లా తెరిచి, ముందుకి వంగి, చలికి వేళ్ళు కొంకర్లు పోయిన చెల్లెలి కోటు బొత్తాలు పైనుంచి ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.