జేబులో అప్పం

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా అమ్మ చాయ్ తాగి, గిలాస పక్కన పెట్టి, "ప్రసాదం మర్చిపోకురా" అన్నది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరు ఏ గుడికి పోయినా అక్కడ పెట్టింది అక్కడే తినేయకూడదు. రుమాలులో చుట్టి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాలి. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని అమ్మకు అదే దర్శనం. ఆ రోజు నేను పోతున్నది చర్చికి అన్న సంగతి మా ఇద్దరికీ పెద్ద తేడాగా తోచలేదు. పిలిచింది పక్క పోర్షన్‌లో బట్టలు కుట్టే మిషనక్క. ఆమె కూతురు ఆ ఉదయం చర్చి పూజలో మొదటిసారి అప్పం, అంటే వాళ్ల ప్రసాదం, తీసుకోబోతున్నది. దానికోసం ఆ పిల్ల ఏడాదంతా ప్రతి ఆదివారం పాఠాలు నేర్చుకుంది. నేను అప్పటికి మా ఊరు ఇబ్రహీంపట్నంలోనే ఒక చిన్న బడిలో కొత్తగా సాంఘికశాస్త్రం చెబుతున్నాను. (అన్ని మతాల గురించీ నోట్సు రాయించినవాణ్ణి, నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదనుకున్నాను.)

చెప్పులు బయట విడిచి మగవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాను. అందరూ లేచినప్పుడు లేచాను, మోకరిల్లినప్పుడు ఒక క్షణం ఆలస్యంగా మోకరిల్లాను. వరస కదిలితే నేనూ వరసలో నిలబడ్డాను. ఫాదర్ తెల్లటి పలుచని అప్పం ఎత్తి చూపి "క్రీస్తు శరీరం" అంటున్నాడు. ముందున్నవాళ్లంతా "ఆమెన్" అని నోరు తెరిచారు. నేను "నమస్తే ఫాదర్" అని దోసిలి పట్టాను. ఆయన ఒక్క క్షణం తటపటాయించి చేతిలో పెట్టాడు. కళ్లకద్దుకొని, పక్కకు వచ్చి, రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

"అమ్మా, సారు తినలే! జేబుల పెట్టుకున్నడు!" తెల్ల గౌనులో ఉన్న మిషనక్క కూతురు అరిచింది. పాట ఆగిపోయింది. ఫాదర్ నా దగ్గరికి వచ్చి మెల్లగా, "అది ఇక్కడనే తినాలె బాబూ. తిన్నవా?" అని అడిగాడు. నిజం చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ మా బడి పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు నన్నే చూస్తున్నారు. "తిన్న ఫాదర్. పాప సరిగ చూడలే" అన్నాను. మిషనక్క వచ్చి కూతురి భుజం పట్టి కుదిపింది. "గీ దినం గూడ అబద్ధమాడుతవానే? అదీ సారు మీదనా?" పిల్ల తల మీది పూలదండ చెవి మీదికి జారింది. ఏడవలేదు. నా జేబు వైపే చూస్తూ నిలబడింది.

ఇంట్లో అమ్మ రుమాలు విప్పింది. అప్పం రెండు ముక్కలైంది. నవ్వుతుందనుకొని జరిగిందంతా చెప్పాను. అమ్మ నవ్వలేదు. "పసిపిల్ల మీద అబద్ధం మోపి తెచ్చినవ్. గిది నాకెట్ల దిగుతదిరా? పో, ఇచ్చిరా. అందరి ముంగట చెప్పిరా."

చర్చి ఆవరణలో టెంటు కింద బగారన్నం వడ్డిస్తున్నారు. (పోతూ పోతూ నాలుగు రకాల సంజాయిషీలు తయారుచేసుకున్నాను, ఒక్కటీ నోట్లోంచి రాలేదు.) "పాప చెప్పిందే నిజం. అబద్ధమాడింది నేను" అన్నాను. గరిటెలు ఆగాయి. ఫాదర్ రుమాలు అందుకొని, ముక్కలతోపాటు పొడి కూడా ఏరి తన నోట్లో వేసుకున్నాడు. మిషనక్క కూతురి పూలదండ సరిచేసి, "తప్పయింది బిడ్డా" అన్నది. ఆ మాట నేననాల్సింది. పిల్ల నోట్లో ముద్దతోనే, "నేను చెప్పిన గదనే!" అన్నది. తర్వాత నా వైపు తిరిగి పక్కకు జరిగి చోటిచ్చింది. "కూసో జేబుసారూ. గిది గూడ ఈడనే తినాలె." అందరూ నవ్వారు. నేను తల వంచుకొని తిన్నాను.

ఆ పిల్ల ఇప్పుడు నర్సింగ్ చదువుతున్నది. బస్టాండులో ఎదురైతే ఇప్పటికీ జేబుసారూ అనే పిలుస్తుంది, నేనూ పలుకుతాను. అమ్మ పోయి రెండేళ్లవుతున్నది. ఇప్పుడు ఏ గుడికి పోయినా, పెట్టింది అక్కడే తినేస్తాను. ఇంటికి తీసుకురాను.