నాచారంలో మొదటి మూత

జూన్ రెండో శనివారం. పొద్దున ఏడు కాకముందే ఫోన్ మోగింది. నాచారం నుంచి సువర్ణమ్మ. సీసాలకు, డబ్బాలకు ప్లాస్టిక్ మూతలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఆవిడది. ఆ రోజు నేను వెళ్లి, వాళ్ల బిల్లులనూ సరుకు లెక్కలనూ ఆఫీసులోని పాత కంప్యూటర్ నుంచి క్లౌడ్‌కి మార్చాలి. పాస్‌వర్డ్ గురించో, కరెంటు గురించో అడుగుతుందనుకుని ఫోనెత్తాను.

"బిడ్డా, కొబ్బరికాయ నువ్వు తెస్తవా, మేం తేవాల్నా?"

క్లౌడ్ కన్సల్టెంట్‌గా ఉద్యోగంలో చేరి ఏడాదైంది. పుణే, కోయంబత్తూరు, విశాఖపట్నం, ఇండోర్, ఇన్ని ఊళ్లు తిరిగాను. ఎక్కడా ఎవరూ ఈ ప్రశ్న వేయలేదు. "నేనే తెస్తనమ్మా" అని చెప్పి, ఫోన్ పెట్టేశాక కాసేపు నవ్వుకున్నాను.

నా పని తెలియనివారి కోసం రెండు మాటలు. ఒక సంస్థ తన లెక్కలను తన గదిలోని కంప్యూటర్‌లో కాకుండా, దూరంగా ఎక్కడో ఉన్న పెద్ద పెద్ద కంప్యూటర్లలో అద్దెకు దాచుకోవడమే క్లౌడ్. ఇంటర్నెట్ ఉంటే చాలు, ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చు. ఆ తరలింపు దగ్గరుండి చేయించడానికి మమ్మల్ని పంపుతారు. పెద్ద సూట్‌కేసు, చిన్న నిద్ర, ఉదయపు విమానం. ఊళ్లు చూశానని చెప్పను, ఊళ్ల పక్కనుంచి వెళ్లానంటే సరిపోతుంది. పుణేలో నాకు బాగా తెలిసిన స్థలం ఒక ఆఫీసు కింద కిటికీలు లేని చల్లటి గది. విశాఖ సముద్రాన్ని హోటల్ బాల్కనీ నుంచి చూశాను, అదీ పళ్లు తోముకుంటూ. ఇండోర్‌లో వారాల తరబడి తెలుగు చెవిన పడనప్పుడు, ఒకరోజు మెస్‌లో పక్క బల్ల మీద ఎవరో "ఇంకొంచెం వడ్డించండి" అన్నారు. వడ్డించడం! ఆ ఒక్క మాటకు అన్నం తినడం ఆపి వింటూ కూర్చున్నాను. పెట్టడం వేరు, వేయడం వేరు, వడ్డించడం వేరు. అప్పటి నుంచి మాటల మీద మోజు పట్టుకుంది. ఈ వేసవిలో దూరవిద్యలో తెలుగు ఎం.ఏ.కి ఫీజు కూడా కట్టేశాను. తరగతులు ఆదివారాల్లో, అమీర్‌పేటలో. చిక్కేమిటంటే, తరగతికి వెళ్లాలంటే నేను హైదరాబాద్‌లో ఉండాలి.

అందుకే ఈ నాచారం ప్రయాణం నాకు అంత ముఖ్యమైంది. మా మేనేజర్ ముందే తేల్చి చెప్పాడు. ఈ ఫ్యాక్టరీ పని శనివారం సాయంత్రానికి పూర్తయి, కొత్త పద్ధతి బాగుందని వాళ్లు ఒప్పుకుంటూ మెయిల్ పంపితే ఇకపై హైదరాబాద్ క్లయింట్లను నాకే అప్పగిస్తాడు. పని వాయిదా పడితే దాన్ని వేరేవాళ్లు చూసుకుంటారు, నేను సోమవారం మళ్లీ ఇండోర్ వెళ్లాలి, ఆరు నెలలకు. టికెట్ కూడా తీసిపెట్టాడు.

చిల్కానగర్‌లో మా ఇంటి నుంచి నాచారానికి ఆటోలో తిన్నగా పోతే పావుగంట. కొబ్బరికాయ కోసం ముందు ఉప్పల్ వెళ్లాల్సి వచ్చింది. ఎనిమిదింటికి బయలుదేరి షేర్ ఆటోలో ఉప్పల్ చౌరస్తాలో దిగాను. వరంగల్ బస్సుల కోసం నిలబడ్డ జనం, పూల బుట్టలు, మెట్రో స్తంభాల కింద అరటిపళ్ల బండ్లు. నలభై రూపాయలకు పీచు బాగున్న కాయ దొరికింది. ల్యాప్‌టాప్ బ్యాగులో పట్టక చేతిలోనే పట్టుకుని ఆటో అడిగాను. నూటయాభై అన్నాడు, నూటఇరవైకి ఒప్పుకున్నాడు. పేరు యాదగిరి. హబ్సిగూడ దాటేదాకా అద్దంలో కొబ్బరికాయనే చూశాడు.

"చెల్లె, ఏం మిషిన్ కొన్నరు?"

"మిషిన్ గాదన్నా, క్లౌడ్."

"గదేంది?"

"లెక్కలన్ని ఇంటర్నెట్ల దాస్తం. మబ్బుల వెట్టినట్టు."

ఆయన తల బయటికి పెట్టి ఆకాశం చూశాడు. "మొగులైతే మస్తుగైంది. జర పైలం, వానొస్తే నీ లెక్కలన్ని ఉప్పల్ నాలాల కలుస్తయ్."

మొగులు! మబ్బుకు మా నాయనమ్మ నోట చిన్నప్పుడు విన్న మాట. ఫోన్‌లో రాసుకునేలోపే నాచారం పారిశ్రామికవాడ వచ్చేసింది. చిల్లర ఇస్తూ ఆయన, "కాయ గట్టిగ గొట్టు, మొగులుకు వినవడాలె" అని నవ్వుకుంటూ పోయాడు.

సువర్ణమ్మకు యాభై దాటాయి. జనగామ నుంచి భర్తతో వచ్చి, ఒక్క మిషన్‌తో మొదలుపెట్టి, ఆయన పోయాక నాలుగు మిషన్ల దాకా తెచ్చింది. నేను చేరేసరికి ఆవిడ లోపల మిషన్ల దగ్గర ఉంది. ఆఫీసు గదిలో అకౌంటెంట్ మూర్తి గారు కూర్చున్నారు, కొబ్బరికాయ అందుకుని లోపలికి పంపారు. ఆయనది భీమవరం వైపు. పాత కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా తువ్వాలు కప్పి ఉంచే మనిషి. లెక్కలన్నీ ముందు వారమే కాపీ చేసి పెట్టాను కనుక మిగిలింది అసలు మార్పు ఒక్కటే. నేను ఎప్పటిలాగే మొదలుపెట్టాను. కొత్త పద్ధతిలో ఒక ఉత్తుత్తి బిల్లు తీయాలి, ప్రింటవుతుందో లేదో చూడాలి, ఆ బిల్లును రద్దు చేయాలి. ప్రతి ఊళ్లోనూ చేసిన పనే. కొనుగోలుదారు పేరు టెస్ట్, సరుకు ఒక మూత, ధర ఒక రూపాయి. ప్రింటర్ గీమంది, కాగితం వచ్చింది. రద్దు నొక్కాను. తొమ్మిదిన్నర కూడా కాలేదు. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

పదిన్నర దాటాక సువర్ణమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, నా కొబ్బరికాయతో వచ్చింది. ఏఎస్ రావు నగర్‌లోని పచ్చళ్ల దుకాణానికి పంపాల్సిన మూతల బస్తాలు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మొదటి బిల్లు ఆ దుకాణానికే అని ముందే అనుకుందట. కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సవరించుకుని తెర చూసింది.

"ఏంది బిడ్డా, గిక్కడ రెండు అని ఉన్నది? ఒకటో నంబర్ ఏడికి వోయింది?"

"గది టెస్టు కోసం తీసినమ్మా. మల్ల క్యాన్సిల్ చేసిన."

"బోణీ బిల్లు క్యాన్సిల్ చేసినవా!" పళ్లెం బల్ల మీద పెట్టేసింది. "ఎన్ని గంటలకు?"

నేను చెప్పకముందే మూర్తి గారు, "తొమ్మిదిన్నర అయ్యుంటుందండీ" అన్నారు.

"శనివారం తొమ్మిది సంది పదిన్నర దాంక రాహుకాలం. నేను పదిన్నర ఎప్పుడు దాటుతదా అని గడియారం సూస్కుంట లోపట కూసున్న. నువ్వేమో రాహుకాలంల బోణీ జేసి, దాన్ని కొట్టేస్తివి!"

"నంబర్‌తోటి ఏం కాదమ్మా..."

"నీకు గాదు బిడ్డా. దందా నాది." ఆవిడ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. "మూర్తీ, పచ్చళ్లాయనకు పాత కంప్యూటర్లనే బిల్లు కొట్టు. కొత్తది బుధవారం సూద్దాం, మంచి రోజు." పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

బుధవారానికి నేను ఇండోర్‌లో ఉంటాను. మూర్తి గారు తువ్వాలు మడతపెడుతూ, "నేనూ అనుకున్నానండీ, మొదటి బిల్లు అమ్మగారు తీయాలి కదా అని. మీరు టకటకా నొక్కేస్తుంటే అదే పద్ధతేమో అని ఊరుకున్నాను" అన్నారు. ఇద్దరం ఆ రద్దయిన కాగితాన్ని ఏదో ప్రమాదం ఫొటోలాగా చూస్తూ ఉండిపోయాం.

మధ్యాహ్నం గేటు ఎదుటి రేకుల హోటల్‌లో భోజనం చేశాను. రెండు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, అరవై రూపాయలు. నాచారం వైపు వచ్చేవాళ్లు ఒంటిగంటకు ముందే తినండి, తర్వాత షిఫ్టు జనంతో కూర్చునే చోటు దొరకదు. రొట్టెలు కొట్టే అక్క నా ముఖం చూసి అడిగింది.

"ఏం చెల్లె, పులుసు పులవలేదా?"

"పులుసు మంచిగున్నదక్కా. ఒకామె బోణీ చెడగొట్టిన."

"అమ్మో!" పిండి చెయ్యి నడుముకు పెట్టుకుంది. "పొద్దుగాల్నే వచ్చి బేరమాడి తినకుంట పోయెటోన్ని నేనైతే పెనం మీద కూసోవెడ్త."

ఆ మాటతో నాకు కొంచెం కళ్లు తెరుచుకున్నాయి. నేను ఒక అంకెను పాడుచేశాననే అనుకుంటున్నాను. వాళ్లకది రోజును పాడుచేయడం. సువర్ణమ్మకైతే ఇంకా ఎక్కువ, ఈ కొత్త పద్ధతి ఎన్నేళ్లు నడిస్తే అన్నేళ్లూ. క్షమించమని అడుగుదామని తిరిగి వెళ్లాను. ఒప్పించాలనే ఆశ అప్పటికి వదిలేశాను.

ఆవిడ మిషన్ పక్కన చిన్న పీట మీద కూర్చుని ఉంది. అప్పటిదాకా ఎర్ర మూతలు పోసిన మిషన్‌లో పసుపు రంగు ప్లాస్టిక్ గింజలు పోయించింది. మిషన్ దబ్‌మని మూసుకుని తెరుచుకున్నప్పుడల్లా కొన్ని మూతలు రాలుతున్నాయి. సగం ఎరుపు, సగం పసుపు, మధ్యలో సుడులు. నాకు భలే అందంగా కనిపించాయి. ఆవిడ వాటిని తీసి ఒక బుట్టలో పడేస్తోంది.

"ఇవెందుకమ్మా పక్కకేస్తున్నరు?"

"రంగు మారినప్పుడు మొదలొచ్చేటివి గట్లనే ఉంటయ్. లోపటి పాత రంగు కడుక్కపోవాలె గదా. ఇవి సరుకు గాదు, మల్ల నూరి కరిగిస్తం."

"అయితే ఇవి బోణీ కింద రావా?"

"నీ పాడుగాను! వీటినెవరు లెక్కవెడ్తరు? మంచిగొచ్చిన మూత మొదలు గిరాకి చేతుల వడితే గది బోణీ."

ఇంకో మూత బుట్టలో పడేయబోయి, చెయ్యి ఆపి నన్ను చూసింది. నేను నెమ్మదిగా అన్నాను. "పొద్దున నేను తీసిన బిల్లు గూడ గసొంటిదేనమ్మా. మిషిన్ సక్కగ నడుస్తుందా లేదా అని తీసిన మూత. గిరాకి లేడు, సరుకు లేదు. గందుకే పక్కకేసిన. మీకు ముందుగాల చెప్పకపోవుడు తప్పు నాదే."

"మాటలు మస్తు నేర్చినవ్. మరి రాహుకాలంల తీస్తివి?"

"చెత్త ఊడ్సుటానికి రాహుకాలమైతే ఏందమ్మా?"

వెనక గుమ్మంలోంచి మూర్తి గారి గొంతు వినిపించింది. "ఆయ్, అది పాయింటేనండీ."

సువర్ణమ్మ ఒక్కసారిగా నవ్వింది. నవ్వి, వెంటనే గడియారం చూసింది. "ఇప్పుడు యమగండం. మూడు దాటనియ్యి. మూర్తీ, పచ్చళ్లాయన బిల్లు పాతదాన్ల కొట్టినవా?"

"ఇంకా లేదండీ. మీరు మనసు మార్చుకుంటారేమోనని మెల్లగా టీ తాగుతున్నాను."

మూడు దాటాక ఆ చిన్న ఆఫీసు గదిలో అందరం ఇరుక్కుని నిలబడ్డాం. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలన్నది పెద్ద చర్చ అయింది. కంప్యూటర్ ముందు వద్దని నేను బతిమాలితే గడప దగ్గర కొట్టారు. క్లౌడ్ ఎక్కడుందో చూపమని సువర్ణమ్మ అడిగితే, ఇంటర్నెట్ ఇక్కడి నుంచే పోతుందని గోడ మీది రౌటర్ చూపించాను. దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆకుపచ్చ దీపాల మధ్య ఎర్రటి బొట్టుతో ఆ డబ్బాకు ఏదో హోదా వచ్చినట్టయింది. తర్వాత సువర్ణమ్మ కళ్లు మూసుకుని, తెరిచి, తన వేలితోనే నొక్కింది. రెండో నంబరు బిల్లు. ప్రింటర్ గీమంది. అరనిమిషంలో ఏఎస్ రావు నగర్ నుంచి పచ్చళ్లాయన ఫోన్ చేశాడు, బిల్లు తన ఫోన్‌లోకి వచ్చిందని.

"బోణీ నీదే అన్నా, నవ్వుకుంట పైసలు పంపు" అంది సువర్ణమ్మ.

నాలుగున్నరకు మూర్తి గారు ఒప్పుకోలు మెయిల్ పంపారు. అయిదింటికి మా మేనేజర్ నుంచి సందేశం వచ్చింది, ఇండోర్ టికెట్ రద్దు చేశామని. ఏడాదిగా భుజాల మీద మోస్తున్న సూట్‌కేసును ఎవరో దించినట్టు అనిపించింది. విషయం చెబితే సువర్ణమ్మ కొబ్బరి చిప్ప చేతిలో పెట్టి, ఇక్కడుండి ఏం చేస్తావని అడిగింది. రేపటి నుంచి తెలుగు చదువుతానన్నాను.

"గిన్ని మాటలొచ్చినంక గూడ ఇంకేం సదువుతవ్?" అంది. అంటూనే బుట్టలోంచి ఒక సుడుల మూత తీసి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో నాచారం నుంచి హబ్సిగూడకు షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు. అక్కడి నుంచి ఉప్పల్‌కు మెట్రో. యాదగిరన్న చెప్పిన మొగులు అప్పటికి వానై కురుస్తోంది. మెట్రో కిటికీలోంచి తడిసిన స్టేడియం కనిపించింది, దీపాలు లేకుండా, తీరిగ్గా. ఇంతకాలం నా ఏడాదిని ఊళ్ల పేర్లతో లెక్కపెట్టేదాన్ని. ఈ సాయంత్రం ఆ మూతను అరచేతిలో తిప్పుతూ వేరేగా అనిపించింది. కాలేజీ రంగు పూర్తిగా పోలేదు, పని రంగు పూర్తిగా పట్టలేదు, రెండూ కలిసిన సుడుల్లాగే గడిచింది ఈ ఏడు. చేసిన పొరపాట్లు, సరిగ్గా చూడని సముద్రాలు, అడగకుండా నొక్కేసిన మీటలు. వాటిని బిల్లులో చూపించనక్కర్లేదు. అవి లేకుండా మంచి మూత రాదని మాత్రం ఇవాళ కళ్లారా చూశాను.

ఇలాంటి పని మీద ఈ వైపు వచ్చేవాళ్లకు ఒక్క సలహా: కంప్యూటర్ తెరిచేముందు, మొదటి బిల్లు ఎవరి చేత్తో, ఏ వేళకు తీయాలనుకుంటున్నారో యజమానిని అడగండి. అడగడానికి ఒక్క నిమిషం చాలు.

రేపు పొద్దున ఏడున్నరకు ఉప్పల్‌లో మెట్రో ఎక్కాలి. తొమ్మిదింటికి అమీర్‌పేటలో మొదటి తరగతి. మొగులు గురించి మాస్టారిని అడగాలి. మూత పెన్నుల డబ్బాలో పెట్టుకున్నాను. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకు గానీ మొదలవదట. గేటు దాకా వచ్చి మరీ చెప్పింది సువర్ణమ్మ.