గోడ అవతలికి పోయిన మోటరు

మిర్యాలగూడలో సొంత ఇల్లు కట్టుకున్న ఏడాదే, లప్పం పెట్టి రంగు వేసిన హాలు గోడకు నేను కన్నం కొట్టించాను. చూసినవాళ్లంతా నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. అనుకుంటే అనుకోనీ.

కారణం మా తమ్ముడు. అమ్మానాన్న పోయాక మా ఊరు సూర్యాపేటలో మాకంటూ ఎవరూ మిగల్లేదు. నేను పెళ్లి చేసుకోలేదు, ఇక్కడి బడిలో పంతులమ్మను. వాడు కోదాడలో ఎరువుల దుకాణం పెట్టుకుని, అక్కడి పిల్లనే చేసుకుని స్థిరపడ్డాడు. అది రెండు వేల నాలుగు ప్రాంతం, సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాలేదు. ఆదివారం పొద్దున వాడు దుకాణం నుంచి మా ఇంటికి ఫోన్ చేసేవాడు. ఎనిమిదో తరగతి పిల్లల అల్లరి, పక్కింటావిడ నీళ్ల గొడవ, అన్నీ వాడికి చెప్పాలని వారమంతా దాచుకునేదాన్ని.

ఫోన్ పక్కనే సిమెంటు అరుగు మీద పెద్ద చేపల తొట్టి ఉండేది. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో కదిలేది ఏదో ఒకటి ఉండాలని పెట్టించుకున్నాను. దాని కింద నీళ్లు వడకట్టే టబ్బు, ఆ నీళ్లను మళ్లీ పైకెత్తే మోటరు. చేపలకు చిన్న మోటరు చాలు. వెతికే ఓపిక లేక హార్డ్‌వేర్ దుకాణంలో ఉన్నదే తెచ్చి పెట్టించాను. అది దున్నపోతులా రంకెలు వేసేది.

"ఏందక్కా ఆ మోత? రైస్‌మిల్లులో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది" అనేవాడు తమ్ముడు. నేను గొంతు చించుకునేదాన్ని. రెండు మాటలయ్యేసరికి, "ఏం వినపడట్లేదక్కా, పెట్టేస్తున్నా" అనేవాడు. మోటరు ఆపుదామంటే, ఒకసారి ఆగితే గాలి పట్టి ఒక పట్టాన నీళ్లెత్తదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మగ్గుతో నీళ్లు పోసి దాన్ని బతిమాలడమే సరిపోయేది. ఫోన్ తీగేమో గోడలోంచి వచ్చింది, జరపలేం. ఆ మోత ఒక్కటి లేకపోతే మేమిద్దరం చిన్నప్పటిలా ఎంతసేపైనా మాట్లాడుకుంటామని నాకు గట్టి నమ్మకం.

అందుకే టబ్బునూ మోటరునూ గోడ అవతల, గిన్నెలు తోమే చోటికి మార్చాలనుకున్నాను. పైపు కనపడకూడదు, గోడ పెచ్చులూడకూడదు అని ప్లంబరుకు ముందే చెప్పాను. ఆయన వచ్చి గోడను తడిమి చూసి, గోడ తొలిచే శానం కింద పెట్టేశాడు.

"కొత్త ఇంట్లకొచ్చి ఏడాది నిండలే గద మేడం. పొక్క కొట్టాలంటే ముందుగాల కొబ్బరికాయ కొట్టాలె. సారు లేడా?"

"సారు లేడు. నువ్వే కొట్టు."

"నేను బయటోన్ని. ఇంటి మనిషి కొట్టాలె. అన్ననో తమ్ముడో ఉంటే పిలువుండ్రి, నేను రేపొస్త."

తమ్ముడు రావాలంటే కోదాడలో బస్సెక్కాలి. ఒక కొబ్బరికాయ కోసం రమ్మంటే వస్తాడా రాడా అన్నది తేల్చుకోవాలనిపించలేదు. కాయ తెచ్చి వాకిట్లో రాయి మీద నేనే కొట్టాను. "ఇంటి మనిషిని నేనే" అన్నాను, కాస్త కోపంగానే. ఆయన గోడకు పసుపు బొట్టు పెట్టి పనిలో దిగాడు.

పొడవాటి మేకు ఇటు నుంచి అటు దిగేసి గుర్తు చేసుకున్నాడు. ఆ గుర్తు చుట్టూ రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెంగా తొలిచాడు. ఒకవైపు నుంచే కొడితే రెండోవైపు పెచ్చులూడిపోతాయట. కన్నంలో లావు పైపు ముక్క ఒకటి ఉంచి చుట్టూ సిమెంటు పూశాడు. చెమ్మ హాల్లోకి రాకుండా బయటికి కాస్త వాటం ఇచ్చాడు. దానిలోంచి సన్న పైపులు రెండు పోనిచ్చాడు, నీళ్లు పోవడానికొకటి, తిరిగి రావడానికొకటి. చివరికి పైపుల చుట్టూ తెల్ల బిళ్ల బిగించి, లప్పం పూసి, మిగిలిన రంగు అద్దాక గోడకు ఏమీ జరగనట్టే ఉంది. స్విచ్ వేశాం. తొట్టిలో నీళ్లు కదులుతున్నాయి, హాల్లో చప్పుడు లేదు. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

ఆదివారం పొద్దున ఫ్లాస్కు నిండా చాయ్ పోసుకుని, ఫోన్ పక్కకు కుర్చీ లాక్కున్నాను.

"అక్కా, మోటరు బంద్ చేశావా ఏంది?" అన్నాడు తమ్ముడు.

"నడుస్తనే ఉందిరా. గోడ అవతల పెట్టిచ్చిన. ఇగ నిమ్మళంగ మాట్లాడు."

"ఏముందక్కా మాట్లాడడానికి."

నేను ఎనిమిదో తరగతి వాళ్ల సంగతి ఎత్తుకున్నాను. "ఊఁ" అన్నాడు. పక్కింటావిడ సంగతి చెప్పాను. "ఊఁ" అన్నాడు. ఆ ఊఁల వెనక వాడి దుకాణంలో ఫ్యాను కిర్రుమనడం, వాడు పేపరు తిప్పడం, అన్నీ పక్కగదిలోలా వినపడ్డాయి. పిల్లలెట్లున్నరని అడిగితే బాగున్నారన్నాడు. నేను ఫ్లాస్కులోంచి చాయ్ వంపుకున్నాను.

"గిరాకీ వచ్చిందక్కా, పెట్టేస్తున్నా" అన్నాడు.

దుకాణంలోకి ఎవరూ రాలేదు. అడుగుల చప్పుడు లేదు, మందు బస్తా అడిగిన గొంతు లేదు. ఫ్యాను కిర్రుమంటూనే ఉంది. ఇంకో పేజీ తిరిగింది.

"సరేరా, సూసుకో" అన్నాను.

రిసీవరు పెట్టేశాక ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ మోత వల్ల వాడు నాతో మాట్లాడలేకపోతున్నాడనే అనుకున్నాను.