ఏడు రోజులా, ఇరవై ఎనిమిది రోజులా

దయానందానికి ఓపిక తక్కువ. విశాఖపట్నం పోర్టులో క్రేను నడిపేవాడికి ఓపిక లేకపోతే ఎలాగయ్యా అని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు. క్యాబిన్‌లో కూర్చున్నంతసేపూ ఆయన చెయ్యి తడబడేది కాదు. కిందికి దిగాడంటే మాత్రం టీ చల్లారేదాకా ఆగలేడు, బస్సు నిలిచేదాకా ఆగలేడు. కంచరపాలెంలో రైలుగేటు పడితే సైకిలు భుజాన వేసుకుని అవతలికి పోయే రకం. అలాంటి మనిషి ఒక్క వీసా కోసం రెండేళ్ళు ఆగాడు.

ఆ వీసా ఆయన భార్య కృపావతి పుట్టిన దేశానిది. ఆమె పుట్టింది రంగూన్‌లో. తండ్రి ఆశీర్వాదం ఆనందపురం దగ్గరి పల్లె నుంచి మీసాలు రాని వయసులో ఓడెక్కి పోయాడు. రంగూన్ రేవులో బస్తాలు మోశాడు. డా మ్యా అనే బర్మా క్రైస్తవురాలిని చర్చిలో చూసి, ఆ చర్చిలోనే పెళ్ళి చేసుకున్నాడు. అరవై నాలుగులో మనవాళ్ళు వేలకు వేలు బర్మా వదిలి రావలసి వచ్చినప్పుడు ఆశీర్వాదం కూడా పదహారేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని విశాఖపట్నంలో ఓడ దిగాడు. డా మ్యా రాలేదు. మౌల్మీన్‌లో ఆమె తల్లి మంచాన పడి ఉంది. "మా అమ్మ పోయాక వస్తాను" అంది.

ఆ ముసలామె మరో తొమ్మిదేళ్ళు బతికింది. ఈలోగా ఆశీర్వాదమే కంచరపాలెం బర్మా కేంపులో జ్వరం తగిలి పోయాడు. కూతురికి అప్పటికే పెళ్ళయింది, ఇక ఎవరికోసం రావాలో డా మ్యాకు తెలియలేదు, ఎలా రావాలో అసలే తెలియలేదు. ఏడాదికో ఉత్తరం మాత్రం వచ్చేది.

ఎనభై ఒకటి డిసెంబరులో వచ్చిన ఉత్తరం మిగతావాటిలా లేదు. కృపావతి కుట్టుమిషను ముందు కూర్చుని, ఆ గుండ్రటి బర్మా అక్షరాలు చూస్తూ భర్తకు తెలుగులో చెప్పుకుపోయింది. డా మ్యా మెట్ల మీద జారిపడింది. తుంటి దెబ్బతింది, నడక తగ్గింది. చివర ఇలా రాసింది: "నీ పదహారేళ్ళ మొహం నాకు బాగా గుర్తుంది. ఇప్పటి నీ మొహం ఎలా ఉంటుందో ఎంత ఆలోచించినా రావడం లేదు."

కృపావతి ఉత్తరం మడిచి మిషను సొరుగులో పెట్టింది. మళ్ళీ స్కూలు యూనిఫారం చేతిలోకి తీసుకుని కుట్టసాగింది. కుట్టు వంకరపోయింది. విప్పింది. మళ్ళీ వంకరపోయింది.

"ఎల్దాం" అన్నాడు దయానందం.

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి? మీ అమ్మ కాడికి. నాను మటుకు అత్తగారిని సూడొద్దేటి?"

ఆ రోజుదాకా ఉత్తరాన పలాస, దక్షిణాన తుని దాటని మనిషి అన్న మాట అది. అన్నాడంటే చేసేదాకా నిద్రపోడు. పాస్‌పోర్టులకు హైదరాబాదు పంపిన అర్జీలు తిరిగి తిరిగి ఎనిమిది నెలలకు పని పూర్తయింది. కృపావతి పాస్‌పోర్టులో పుట్టిన ఊరు రంగూన్ అని పడింది. దయానందం ఆ రెండు పుస్తకాలనూ సంచిలో వేసుకుని, డ్యూటీ దిగిన మనిషి దిగినట్టే, టౌనులో టిక్కెట్లు అమ్మే ఒక ఏజెంటు దగ్గరకు పోయాడు.

ఏజెంటు చాలా తేలిగ్గా చెప్పాడు. "టూరిస్టు వీసా తీసుకోండి. ఏడు రోజులు. ఎవరూ ఏమీ అడగరు. చుట్టాలున్నారని రాశారో, ఇక వాళ్ళ కాగితాలు, వీళ్ళ ముద్రలు, ఎప్పటికి తేలుతుందో దేవుడికే తెలియాలి."

"ఏడు రోజుల్లో మౌల్మీన్ ఎల్లి రాగలమా?"

"టూరిస్టులను ఆ ఊరికి పోనివ్వరు. రంగూన్, ఇంకో రెండు మూడు ఊళ్ళు, అంతే. అక్కడికి వెళ్ళాక మీ తెలివి మీది."

దయానందానికి ఆ మాట నచ్చింది. తెలివికేం తక్కువ? ఫారాలు అక్కడే నింపించి ఇంటికి తెచ్చాడు. కృపావతి లాంతరు దగ్గరకు లాక్కుని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. ప్రయాణం ఎందుకు అన్నచోట, చూడదగ్గ స్థలాలు చూడడానికి అని ఉంది. బర్మాలో బంధువులు ఉన్నారా అన్నచోట, లేరు అని ఉంది.

ఆమె కలం కింద పెట్టేసింది.

"సంతకం ఎట్టు" అన్నాడు దయానందం.

"నానెట్టను."

"ఏటయింది నీకు?"

"మా అమ్మ లేదని రాసినారు. ఉన్న అమ్మని లేదని నా సేత్తో సంతకం ఎట్టమంతావా?"

"ఓలమ్మా, కాగితమ్మీద లేదంటే లేకుండా పోద్దేటి? ఆ మాటొకటి రాసి పారేత్తే వారంలో ఇమానం ఎక్కీవొచ్చు!"

"ఎక్కీసి ఏటి సెయ్యాలి? ఆవిడ కాలు ఇరిగి మౌల్మీన్‌లో ఉంటే నాను రంగూన్‌లో గుళ్ళూ గోపురాలూ సూడాలా?"

దయానందం గొంతు పెంచాడు. తాను ఎనిమిది నెలలు ఎవరి కోసం తిరిగాడన్నాడు, ఎన్ని డ్యూటీలు మార్చుకున్నాడన్నాడు. ఆమె అన్నం పెట్టింది, పిల్లలను పడుకోబెట్టింది, ఆయనవైపు చూడలేదు. రెండు రోజులు ఇంట్లో మిషను చప్పుడు తప్ప మాట వినపడలేదు.

మూడోరోజు దయానందం భోజనాల వేళ నరసింహమూర్తి దగ్గరకు వెళ్ళాడు. నరసింహమూర్తి నరసాపురం వైపు మనిషి, రేవు దగ్గర ఓడల కంపెనీలో పెద్ద గుమస్తా. పరదేశపు నావికులు జబ్బు చేసి దిగినా, ఓడ తప్పినా వాళ్ళ కాగితాలు చూసేది ఆయనే. ఫారాలు రెండూ తిరగేసి, కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఏవయ్యా, మీ ఆవిడ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు రంగూన్ అనుంది. ఇక్కడేమో ఎవరూ లేరని రాయించావు. చూసేవాడు గుడ్డివాడనుకున్నావా?"

"ఏజెంటు పరవాలేదన్నాడండీ."

"సరే, ఇచ్చారే అనుకో. మౌల్మీన్ చాటుగా వెళ్తారు. అంతేనా?"

దయానందం తలూపాడు.

"ఆ దేశంలో రాత్రి ఇంట్లో కొత్త మనిషి పడుకుంటే పేటవాళ్ళ ఆఫీసులో పేరు రాయించాలి. రాయిస్తే మీరు దొరికిపోతారు. రాయించకపోతే మీ అత్తగారు దొరుకుతుంది. మీరు వారానికి విమానం ఎక్కి వచ్చేస్తారయ్యా. ఆవిడ అక్కడే ఉండాలిగా!"

ఆ మాట దయానందం గుండెలో పడింది. తన తొందరంతా తనకు కనిపించని ఒక ముసలావిడ మీద పడుతుందని ఆయనకు తోచనే లేదు.

"మరేటి దారి, మూర్తిగారూ?"

"చుట్టపుచూపు వీసా అని వేరే ఉంది. తల్లే పిలవాలి. ఆవిడ పేట ఆఫీసులో ముద్ర వేయించి ఉత్తరం పంపితే, దాన్నిబట్టి ఢిల్లీలో వాళ్ళ ఎంబసీవాళ్ళు రంగూన్‌కి రాసి అడుగుతారు. ఆర్నెల్లు పట్టచ్చు, ఏడాది పట్టచ్చు, రాకపోనూవచ్చు. వస్తే మాత్రం ఇరవై ఎనిమిది రోజులు, తల్లి ఇంట్లోనే. ఏడు రోజులు కావాలో, ఇరవై ఎనిమిది రోజులు కావాలో మీ ఆవిణ్ణి అడుగు. నన్ను కాదు."

ఆ సాయంత్రం దయానందం నింపిన ఫారాలను నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాడు. "మీ అమ్మకి ఉత్తరం రాయి" అన్నాడు. "పిలవమని రాయి. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళే పడనీ." కృపావతి పొయ్యివైపు చూసి, ఆయనవైపు చూసి, "ముందు సెయ్యి కడుక్కొని అన్నం తిను" అంది. మూడు రోజుల్లో ఆయనతో ఆమె అన్న మొదటిమాట అది.

డా మ్యా పిలుపు ముద్రలు వేయించుకుని వచ్చేసరికి ఐదు నెలలయింది. అది ఢిల్లీలో బర్మా ఎంబసీకి పోయింది. అక్కడినుంచి ఒక ప్రశ్న వచ్చింది. తల్లి పిలిచింది ఖిన్ ఖిన్ అనే కూతురిని, అర్జీ పెట్టింది కృపావతి అనే ఆమె. ఈ ఇద్దరూ ఎవరు?

దయానందం నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాడు. తండ్రి కృపా అని పిలిచేవాడు, తల్లి ఖిన్ ఖిన్ అనేది. అక్కడ బడిలో తల్లి పెట్టిన పేరు, ఇక్కడ కేంపు కాగితంలో తండ్రి పెట్టిన పేరు. పదిహేనేళ్ళ కాపురంలో దయానందం ఆ రెండో పేరు రెండు మూడుసార్లు విన్నాడేమో, నోటితో ఎప్పుడూ అనలేదు. పాస్టరుగారు పెళ్ళి సర్టిఫికెట్టు రాసిచ్చారు. కోర్టు దగ్గర నోటరీ ముందు, ఇద్దరూ ఒక్కరే అని ప్రమాణపత్రం టైపు కొట్టించారు. టైపిస్టు పేరు అడిగితే కృపావతి చెప్పబోయింది. దయానందమే ముందుకు వంగి "ఖిన్ ఖిన్" అన్నాడు, ఒక్కో ముక్కా ఆచితూచి. కృపావతి తల తిప్పుకుంది. నవ్విందో, కళ్ళు తుడుచుకుందో ఆయనకు కనిపించలేదు.

ఎనభై మూడు అక్టోబరులో ఢిల్లీ నుంచి కవరు వచ్చింది. కృపావతికి ఇరవై ఎనిమిది రోజుల వీసా వచ్చింది. దయానందానికి రాలేదు. డా మ్యా పిలుపులో కూతురి పేరు ఉందిగాని, అల్లుడిని "ఆమె భర్త" అని మాత్రమే రాసింది. పేరున్న ఉత్తరం మళ్ళీ కావాలన్నారు. అంటే ఇంకో ఏడాది.

"నాను ఆగుతాను. ఇద్దరం ఎల్దాం" అంది కృపావతి.

"ఆగీది లేదు. నీ కాగితం మూడు నెలల్లో సెల్లిపోద్ది. నువ్వెల్లు."

ఈసారి తోవ చూపింది కూడా నరసింహమూర్తే. "నువ్వు టూరిస్టు వీసాకే పెట్టవయ్యా, కానీ నిజం రాసి పెట్టు. భార్యకు తోడుగా వస్తున్నాను, రంగూన్ దాటను, హోటల్లోనే ఉంటాను అని. అందులో అబద్ధం ఏమీ లేదుగా?"

అలాగే రాశాడు. మూడు వారాల్లో ముద్రపడి వచ్చింది. పిల్లలను తన అక్క దగ్గర వదిలి, ఇద్దరూ వాల్తేరులో హౌరా మెయిలెక్కారు. కలకత్తాలో విమానం ఎక్కినప్పుడు, పాతికేళ్ళుగా ఎత్తున కూర్చుని పనిచేసే దయానందం కళ్ళు గట్టిగా మూసుకుని బెల్టు పట్టుకున్నాడు. కృపావతి మాత్రం దిగేదాకా అద్దానికి మొహం ఆనించే ఉంది.

బుధవారం రంగూన్‌లో దిగారు. మర్నాడు ఉదయం కృపావతి మేనమామ కొడుకు వచ్చి ఆమెను మౌల్మీన్ రైలెక్కించుకుపోయాడు. దయానందం వై.ఎం.సి.ఎ.లో ఒక మంచం, ఒక ఫ్యాను మధ్య మిగిలిపోయాడు. ఊరు తిరిగాడు. మామగారు బస్తాలు మోసిన రేవు ఏదో అడిగి, అటు వెళ్ళి నిలబడ్డాడు. అక్కడి క్రేన్లు చూసి, ఇంత పాతవాటితో ఎలా నెగ్గుకొస్తున్నారా అని జాలిపడ్డాడు. ఆదివారం ఒక చిన్న చర్చిలో తెలుగు పాట వినపడితే లోపలికి పోయి వెనక బల్లమీద కూర్చున్నాడు. రాత్రిళ్ళు మౌల్మీన్ ఎంతదూరమో లెక్కవేసుకునేవాడు. స్టేషను దగ్గరే. టిక్కెట్టు కొనడం ఎంతసేపు? కానీ కొనలేదు. మాట రాసిచ్చాడు.

సోమవారం సాయంత్రం, మర్నాడే తిరుగు ప్రయాణమనగా, కాపలావాడు వచ్చి తలుపు కొట్టాడు. కింద ఎవరో వచ్చారన్నాడు. దయానందం మెట్లు దిగేసరికి హాల్లో పేము కుర్చీలో ఒక చిన్న ముసలావిడ కూర్చుని ఉంది. తెల్ల రవిక, ముదురాకుపచ్చ లుంగీ, తలలో పువ్వు. పక్కన కర్ర. వెనక కృపావతి నిలబడి ఉంది. ఐదు రోజుల్లో ఆమె ఐదేళ్ళు చిన్నదయినట్టు అనిపించింది ఆయనకు.

దయానందం రెండు చేతులూ జోడించి, దారిపొడుగునా వల్లెవేసుకున్న బర్మా నమస్కారం చెప్పాడు. "మింగలాబా."

ముసలావిడ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. కూతురివైపు తిరిగింది.

"ఓర్నాయనో, ఏటే ఇంత పొడుగున్నాడు! మీ నాన్న కన్నా నల్లగున్నాడు."

అచ్చం ఆనందపురం తెలుగు. సంతలో వినిపించే తెలుగు.

"ఆ మింగలాబా నాకొచ్చులే బావూ" అంది డా మ్యా. "నువ్వు తెలుగు మాటాడు. మావోడు ఎల్లిపోయినకాడి నుంచి ఆ మాట ఇన్లేదు నాను. ఇదేమో వొచ్చిన కాడినుంచి నాతో బర్మాలోనే మాటాడతంది."

"ఇంత దూరం ఎలాగొచ్చినారు? కాలు..."

"మా మేనల్లుడు కుర్సీతో సహా పడవమీద ఏరు దాటించి రైలెక్కించినాడు. మా ఊరికి నిన్ను రానీరు గదా. నాను రంగూన్ రాడానికి నాకేటి, వీసా కావాలేటి?"

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే డా మ్యా చెయ్యి చాపి అల్లుడి చెయ్యి పట్టుకుంది. మరి వదలలేదు. ఆశీర్వాదం చివరి రోజుల్లో ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు, తన పేరు తలిచాడా అని అడిగింది. సమాధి ఎక్కడుందని అడిగింది. దయానందం అన్నీ చెప్పాడు. చెప్పడానికి ఎంతో ఉందని అప్పుడే తెలిసింది ఆయనకు. పెళ్ళయిన కొత్తల్లో మామగారు తనకు చెప్పిన రంగూన్ కబుర్లు ఇప్పుడు రంగూన్‌లో అత్తగారికి చెప్పాడు. వాటిలో కొన్ని అబద్ధాలని ఆవిడ అక్కడికక్కడే తేల్చేసింది.

మర్నాడు ఆయన విమానమెక్కాడు. కృపావతి తల్లితో మౌల్మీన్ వెళ్ళి, తన ఇరవై ఎనిమిది రోజులూ పూర్తిగా ఉండి వచ్చింది.

ఆ తరువాతి పని దయానందానిది. వచ్చిన వారానికే నరసింహమూర్తి దగ్గరకు పోయి, అత్తగారు ఇండియా రావడానికి ఏ వీసా అడగాలో చెప్పమన్నాడు. అందుకు ఇంకో రెండేళ్ళకు పైగా పట్టింది. ఎనభై ఆరు జనవరిలో డా మ్యా కంచరపాలెం వచ్చింది. భర్త సమాధి చూసుకుంది, రాయి కడిగించింది. ఉదయం పూట అరుగుమీద కూర్చుని దారినపోయేవాళ్ళను పలకరిస్తూ మూడు నెలలు ఉంది.

మొదటివారంలోనే చేపల అసిరమ్మతో బేరం దగ్గర తగువు పడింది. "ఇయి నిన్నటి సేపలు. కళ్ళు సూడు ఎలాగున్నాయో" అంది డా మ్యా. అసిరమ్మ గంప దించి, లుంగీ కట్టిన ఆ ముసలావిడను వింతగా చూసింది.

"ఎవులమ్మా నువ్వు? ఏ ఊరు మీది?"

"మౌల్మీన్."

"అదెక్కడ? టెక్కలికి అవతలా?"

"ఆ, కొంచెం అవతల" అంది డా మ్యా, మంచి చేప ఏరుకుంటూ.