ఇంటికో గొర్రె

గొనారియా అత్త నోరు మంచిది కాదు. ఆ ఒక్క మాటా ముందే చెప్పేస్తే మిగతాదంతా మెప్పుకోలే కాబట్టి నాకు సులువు.

మా సార్దీనియా దీవి కొండల్లో మగవాళ్ళు మందల వెంట పోతారు, ఆడవాళ్ళు రొట్టెలు కాలుస్తారు. నేనూ అదే పని చేస్తాను. అత్త మాత్రం పెళ్ళి మాట ఎత్తినవాళ్ళందర్నీ తిట్టి పంపేసి, తండ్రి మందని తనే తోలుకుపోయింది. ఆమె దొడ్డి ఒక రాతి బురుజుకి ఆనుకుని ఉంటుంది. సున్నం లేదు, మట్టి లేదు, బండ మీద బండ పేర్చారంతే. మూడు వేల ఏళ్ళ నాటిదంటారు. కట్టినవాళ్ళ పేరు కూడా ఎవరికీ తెలియదు. పేరు తెలియకపోతేనేం, పని తెలిసినవాళ్ళు అనేది అత్త. చలికాలంలో ఈనే గొర్రెల్ని ఆ బురుజు లోపలి గదిలోనే ఉంచేది. పుట్టిన పిల్ల ఒక్కటీ చలికి పోలేదు.

హద్దు గోడకి అవతల బకీసియో అనే కాపరి మంద. గోడ పక్కనున్న ఊట నీళ్ళ దగ్గర మొదలైన తగువుతో ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. అతన్ని ఏమైనా అనాలంటే ఆవిడ తన కుక్కని పట్టుకుని గోడ దాకా వినపడేలా తిట్టేది. పాపం ఆ కుక్క బకీసియో తప్పులన్నీ మోసింది.

ఆగస్టులో మేరీమాత పండక్కి అత్త కుక్కని వెంటబెట్టుకుని ఊళ్ళోకి దిగిన పూట వాయవ్యపు గాలి లేచింది, దానితో పాటే నిప్పూ లేచింది. అడవి ఆలివ్ చెట్లు, పొదలు, ఎండుగడ్డి అన్నీ అంటుకున్నాయి. ఆమె పరుగున ఎక్కేసరికి దొడ్డి తలుపు బూడిదయింది. మందంతా గోడ వారన ఒకదాన్నొకటి ఆనుకుని అలాగే మాడిపోయింది. బురుజు మాత్రం నల్లగా నిలబడి ఉంది.

అత్త ఏడవలేదు. ఇక మంద వద్దని, ఊళ్ళోకి వచ్చి నా దగ్గర పిండి పిసుకుతానని చెప్పింది. ఆ నోటితో నా పొయ్యి దగ్గర కూర్చుంటే రొట్టెలు కొనేవాడు ఒక్కడు మిగలడని నాకు భయం వేసింది. అంతకన్నా, మంద లేని గొనారియాని చూడటం నా వల్ల కాదనిపించింది.

మా కొండల్లో ‘పారదూరా’ అని ఒక ఆచారం ఉంది. మంద పోగొట్టుకున్నవాడికి ప్రతి కాపరీ ఒక గొర్రెనిస్తాడు. ముసలిదీ కుంటిదీ పనికిరాదు, ఈనే వయసులో ఉన్న మంచిదే ఇవ్వాలి. తిరిగి అడగకూడదు. ఆదివారం పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళ కాపర్లంతా ఇంటికో గొర్రెని తోలుకుని కొండ ఎక్కారు. తలుపు లేని దొడ్డి వాకిట్లో అత్త కర్ర అడ్డం పెట్టి నిలబడింది.

“తీసుకుపోండి,” అంది. “నాకు డెబ్బై దగ్గర పడ్డాయి. నా వెనక ఎవరూ లేరు. పడుచువాళ్ళకి ఇచ్చుకోండి, దేనికైనా అక్కరకొస్తాయి.”

బకీసియో తన గొర్రెని పట్టుకుని ముందుకొచ్చాడు.

“నా మందని దొంగలు తోలుకుపోయిన ఏడు, నువ్వు పాడిగొర్రెని తెచ్చి నా తలుపుకి కట్టేసి మాట్లాడకుండా పోయావు. నీ మొహం చూడ్డం ఇష్టం లేకపోయినా పుచ్చుకున్నాను. ఇవాళ నువ్వు కాదంటే, రేపు మా కొంప మునిగినప్పుడు మేం ఏ మొహంతో పుచ్చుకోవాలే?”

అత్త కర్ర పక్కకి తీసింది.

అసలు కష్టం సాయంత్రం వచ్చింది. ఇచ్చినవాళ్ళు దిగిపోయారు. గొర్రెలు ఏ ఊరివి ఆ ఊరి వైపు తిరిగి అరుపులు మొదలుపెట్టాయి. చీకటి పడితే తలుపు లేని దొడ్డిలో ఒక్కటీ ఆగదు, ఏ ఇంటివి ఆ ఇంటికి పోతాయి. అత్త నాలుక మడిచి పిలిచింది. ఆ పిలుపుకి కొండంతా కదిలేది ఒకప్పుడు. ఇప్పుడు తల తిప్పిన గొర్రె లేదు. మళ్ళీ పిలిచింది. అప్పుడు ఏడ్చింది, నిప్పు చూసినప్పుడు రాని ఏడుపు. నేను పక్కనే ఉండి ఏమీ చెయ్యలేకపోయాను.

బకీసియో ఇంకా వెళ్ళలేదు, గోడకి అవతల కూర్చుని ఉన్నాడు. లేచి గోడ దాటి వచ్చి తన గొర్రెని తన పిలుపుతో పిలిచాడు. అది వచ్చింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరి రెండు, తర్వాత అన్నీ. అతను వంగి బురుజు గుమ్మంలోంచి లోపలికి పోతే మందంతా లోపలికి పోయింది. బయటికొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

“ఇంటికి పోవా?” అంది అత్త కళ్ళు తుడుచుకుంటూ.

“తలుపేదీ? నీ పిలుపు వాటికి అలవాటయ్యేదాకా నేనే తలుపు.”

“సగం గుమ్మానికి కూడా చాలవు నువ్వు,” అని అత్త అతని పక్కనే కూర్చుంది. లోపలున్న గొర్రెలకి వినపడేలా, మెల్లగా పిలవడం మొదలుపెట్టింది.